నాలుగో సబ్జెక్టు

లోర్నా గార్బట్‌కి పదహారో ఏట పరీక్షల్లో మంచి మార్కులు వచ్చేసరికి, ఇంగ్లండు తీరాన ఉన్న విట్బీలో వాళ్ల వీధి వీధంతా ఆమెను అప్పుడే డాక్టరును చేసేసింది. తల్లి మోరీన్ రేవు పక్కన చేపలు వేయించి అమ్మే దుకాణంలో పనిచేసేది. చిప్స్ మీద వెనిగర్ చల్లుతూ, పై రెండేళ్ల చదువుకు మా అమ్మాయి నాలుగు సబ్జెక్టులు తీసుకుంటోందని వచ్చినవాళ్లందరికీ చెప్పేది. యూనివర్సిటీకి మూడు చాలు. ఆ పైన ఇంకొకటి ఉందంటే తెలివైన పిల్ల అని లెక్క.

లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, టెక్స్‌టైల్స్ తీసుకుంది లోర్నా. మొదటి మూడింటికీ అందరూ మెచ్చుకున్నారు. నాలుగోదాన్ని మాత్రం కాలక్షేపానికి కుట్టుపని అనుకున్నారు. లోర్నాకి డాక్టరవ్వాలని లేదు, పడవలు గీయాలని ఉంది. శనివారాలు తెరచాపలు కుట్టే షెడ్డులో పనిచేసేది. గుడ్డను ఏ వాలున కత్తిరిస్తే గాలి ఎలా పడుతుందో చూసి చూసి, ఆ పిచ్చి పట్టుకుంది.

అక్టోబరు వచ్చేసరికి నాలుగూ మోయలేకపోయింది. కెమిస్ట్రీ పరీక్ష పోయింది. అది తనకు పెద్ద దెబ్బ కాదు గానీ, ఇష్టమైన ఫిజిక్స్‌లో కూడా మార్కులు జారిపోవడం చూసి ఒళ్లు మండింది. పై తరగతుల బాధ్యత చూసే మిసెస్ పికర్స్‌గిల్ పిలిచి, ఇప్పుడు ఒకటి వదిలేస్తే తప్పేమీ లేదని చెప్పింది. వదిలేది టెక్స్‌టైల్సే అని ఆవిడ ముందే అనుకుంది. లోర్నా సెలవుల్లో రైలెక్కి, ఓడల నిర్మాణం నేర్పే యూనివర్సిటీకి వెళ్లి, అక్కడి లెక్చరర్‌నే నేరుగా అడిగింది.

"మేం మూడే చూస్తామమ్మా. లెక్కలు, ఫిజిక్స్ ఉండాలి. మూడోది నీ ఇష్టం. నాలుగోదానికి మా దగ్గర బహుమతులేం లేవు" అన్నాడాయన.

ఇంటికొచ్చి తల్లికి చెప్పింది.

మోరీన్ టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. "మూడా? ఊరందరికీ నాలుగని చెప్పాను కదే."

"చెప్పిన నోటితోనే మూడని చెప్పు."

"పోనీ, కెమిస్ట్రీ ఉంచుకుని ఆ కుట్టుపని వదిలేయొచ్చుగా? వింటే నవ్విపోతారే."

"నవ్వనీ అమ్మా. నవ్వేవాళ్లు వచ్చి నా పరీక్షలు రాస్తారా?"

సోమవారం లోర్నా వెళ్లి కెమిస్ట్రీ వదిలేసింది. మిసెస్ పికర్స్‌గిల్ కళ్లజోడు పైకి తోసుకుని, బాగా ఆలోచించుకున్నావా అని అడిగింది. రైల్లో వెళ్లి మరీ ఆలోచించానంది లోర్నా. ఆవిడకి నవ్వాగలేదు.

మిగిలిన సమయమంతా ఫిజిక్స్‌కీ, చిన్న పడవకు తను సొంతంగా కుట్టే తెరచాపకీ పోయింది. మొదట కుట్టినది ఊరి మధ్య పారే ఎస్క్ నది మీద సంచిలా వేలాడింది. దాన్ని విప్పి మళ్లీ కత్తిరించింది. రెండోది గాలి పట్టి బిగుసుకున్నప్పుడు, గట్టు మీద నిలబడ్డ మోరీన్ ఏప్రను ఇంకా విప్పకుండానే చప్పట్లు కొట్టింది.

రెండేళ్ల చదువూ ముగిసి ఫలితాలు వచ్చిన రోజున, ఫిజిక్స్‌లో యూనివర్సిటీ అడిగిన గ్రేడుకన్నా ఒక మెట్టు తగ్గింది. లోర్నా ఏడవలేదు. యూనివర్సిటీకి తనే ఫోన్ చేసి, తెరచాప గురించి, దానికి తను వేసిన లెక్కల గురించి ఆపకుండా చెప్పింది. అవతలివాళ్లు చాలాసేపు ఆగమన్నారు. తర్వాత రమ్మన్నారు.

ఇప్పుడామె ఉత్తర తీరంలోని ఒక పడవల కార్ఖానాలో పనిచేస్తుంది. పోయిన వసంతంలో ఆమె గీసిన, పెద్ద ఓడలకు రేవులోకి దారి చూపే పైలట్ పడవ మొదటిసారి నీళ్లలోకి దిగింది. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే, లోర్నా మాత్రం వానలో నిలబడి, పడవ అంచున పట్టుకునే కమ్మీ ఇంకాస్త ఎత్తుండాలని రంగులేసేవాడితో వాదిస్తూ ఉంది.