ఇయ్యాల ఏం కూర?

మొన్న మా చిన్నమ్మ పోయిందని బోధన్ నుంచి నిజామాబాద్‌లో ఉన్న నాకు ఫోన్ వచ్చినప్పుడు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆమెను తలెత్తుకోకుండా చేసిన ఇంగ్లిష్ సారు ఇంకా నిక్షేపంగా ఉన్నాడు.

చిన్నమ్మ బోధన్‌లో నెట్ సెంటర్ నడిపేది. మధ్యాహ్నాలు గిరాకీ ఉండదని గల్లీలో బీడీలు చుట్టే ఆడవాళ్లను పిలిచి కూర్చోబెట్టేది. ఆకు, తంబాకు చాటల్లో వాళ్ల ఒళ్లోనే ఉండేవి. కంప్యూటర్‌లో అటువైపు ఇండోనేషియాలోని జావాలో లవంగం సిగరెట్లు చుట్టే ఆడవాళ్లు, చాటింగ్‌లో దొరికినవాళ్లు. వాళ్లదీ వచ్చీరాని ఇంగ్లిషే, అప్పట్లో ఆమె దగ్గరుండి టైపు చేసే నాదీ అంతే. నేను అందరిలాగే వయసు, ఊరు అడగబోతే చిన్నమ్మ ఆపింది.

"వయసడిగితే ముచ్చట ఆన్నే ఆగుతది. ఇయ్యాల ఏం కూరనో అడుగు, ఇల్లంత చెప్తరు."

నిజంగానే చెప్పారు. పనసకాయ కూరతో మొదలై తాగుబోతు మొగుళ్ల దాకా వచ్చారు. మనిషితో మాట ఎక్కడ మొదలుపెట్టాలో నాకు నేర్పింది ఆమే. ఒకరోజు అటువైపు ఒకామె తన తండ్రి పోయాడని రాసింది. మా దగ్గర చావింట్లో పొయ్యి అంటించం, పక్కింటివాళ్లే అన్నం తెస్తారని చిన్నమ్మ రాయించింది. "ఆడ ఉంటే నేనే నీకు అన్నం తెస్తుంటి అని గూడ రాయి" అంది.

సారు మాత్రం వీళ్లు పరాయి దేశపు మగాళ్లతో మాట్లాడుతున్నారని హోటల్లో చెప్పాడు. ఇంగ్లిష్ వచ్చినవాడు కాబట్టి అందరూ నమ్మారు. ఆడవాళ్లు రావడం మానేశారు, ఎదురైనా తల తిప్పుకున్నారు. సెంటర్ మూతపడింది. చిన్నమ్మ ఒక కంప్యూటర్ ఇంటికి తెచ్చుకుని, అక్షరాలు వెతుక్కుంటూ ఒంటరిగా ఆ ముచ్చట సాగించింది. ఇది నేను మరిచిపోను.

నేను బోధన్ చేరి, ఆమెను కాటికి తీసుకుపోయాక, జావాకు కబురు చెబుదామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. అప్పటికే ఆ తండ్రి పోయినామె నుంచి ప్రశ్న వచ్చి ఉంది, చిన్నమ్మ నేర్పిన పిలుపుతోనే. అక్కా, ఈరోజు ఏం కూర? అప్పుడే సారు పరామర్శకు వచ్చాడు.

"మంచి మనిషి ఉండె, బిడ్డా" అన్నాడు.

కుర్చీ ఆయనవైపు జరిపాను. "మీకు ఇంగ్లిష్ వచ్చు గద సార్. జవాబు రాయుండ్రి."

"ఏం రాయాలె?"

"మా ఇంట్ల పొయ్యి అంటలేదని."

చావుకు వచ్చి వాకిట్లో కూర్చున్న బీడీల ఆడవాళ్లంతా చూస్తుండగా రాశాడు. అటువైపు ఆమెకు అర్థమైంది. ఎవరు పోయారని వెంటనే అడిగింది.

సారు నావైపు చూశాడు. హోటల్లో చిన్నమ్మను ఆయన అనని మాట లేదు, ఇప్పుడేమంటాడో చూద్దామనుకున్నాను. చెమట తుడుచుకుని, ఒక్క వేలితో 'అక్క' అని కొట్టాడు.

జవాబు వచ్చింది.

"గట్టిగ చదువుండ్రి, తెలుగుల చెప్పుండ్రి" అన్నాను.

"నేను అక్కడ ఉంటే... నేనే నీకు అన్నం తెచ్చేదాన్ని..." సారు తనలో తాను గొణిగినట్టు చదివాడు.

"ఇంకోసారి చదువుండ్రి సార్. వాకిట్ల వాళ్లకు ఇనవడలేదు."

మళ్లీ చదివాడు. వాకిట్లో ఒక్క తల కూడా పైకి లేవలేదు.