చుక్కల మేస్త్రి నీళ్ల తుపాకీ

కర్ర్... కర్ర్... అంటూ ఇంటి వెనకనుంచి చప్పుడు. కాసేపు ఆగుతుంది, దగ్గుతుంది, మళ్లీ మొదలవుతుంది. మిట్టమధ్యాహ్నం నిద్రపోతున్న వీధి వీపు మీద ఎవరో మెల్లగా గోకుతున్నట్టుంది. వంటింట్లో అంట్లు తోముతున్న ఇల్లాలు చెయ్యాపి విన్నది. పైపు కోసే రంపం. కాపరానికి వచ్చిన నాటినుంచి ఎరిగిన చప్పుడే. ఈ మధ్యే ఇంట్లో వినపడటం మానేసింది.

రంపం పట్టినది ఆమె భర్త, చుక్కల మేస్త్రి. కొళాయి పనుల్లో తల నెరిసిన మనిషి. ఎక్కడైనా ఒక్క చుక్క కారుతున్న చప్పుడు వింటే ఆయనకి ముద్ద దిగదు. ఒకసారి ఎవరో భోజనానికి పిలిస్తే కంచం ముందునుంచి లేచి, వాళ్ల స్నానాలగదిలో కొళాయి బిగించి వచ్చి, చల్లారిపోయిన భోజనం హాయిగా తిన్నాడు. ఆ పేరు అప్పుడు పడిందే.

మోకాళ్లు మొరాయించి పని మానేశాడు. దానికి ఆయనేం బాధపడలేదు. కానీ ఆమధ్య వంటింటి సింకు కారితే, ఈయన్ని వంగనివ్వడం ఎందుకని భార్య మోటారుసైకిలు మీద తిరిగే కుర్ర మేస్త్రిని పిలిపించింది. అదే గుచ్చుకుంది. తన ఇంట్లో, తన సింకు కింద, ఇంకొకడి కాళ్లు! ఆ రోజే పనిసంచి అటకెక్కింది. అప్పట్నించీ ఎవరూ ఆయన్ని ఏదీ చేసిపెట్టమని అడగలేదు. గోడల్లో నీళ్లు కూడా తనని పలకరించకుండా వెళ్లిపోతున్నాయనిపించేది.

అలాంటిది ఇవాళ పొద్దున్నే మనవరాలు తడిసి ముద్దై వచ్చింది. పక్కవీధిలో ఉండే కూతురి కూతురు.

"తాతయ్యా, మా మేడమీద వాళ్లబ్బాయి తుపాకీ కొనుక్కుని రోజూ నన్నే తడిపేస్తున్నాడు. నాకూ ఒకటి చేసిపెట్టవా? సాయంత్రం ఆటకల్లా కావాలి."

"ఓస్, దానికేం భాగ్యం!" అనేశాడు. అనేశాక అనుమానం వచ్చింది. చేతులకి పని గుర్తుందో లేదో!

హార్డ్‌వేర్ కొట్టాయన ఆయన్ని చూసి మొహం ఇంత చేసుకున్నాడు. "ఏం మేస్త్రీ, మళ్లీ కాంట్రాక్టు పట్టావా?"

"పట్టా. ఆయుధాల కాంట్రాక్టు."

ఓ లావు పైపు ముక్క, అందులో దూరే సన్న పైపు, మూతలు, రబ్బరు వాషర్లు, పట్టుకోవడానికి పిడిలా ఓ 'టీ' ఆకారపు అతుకు ముక్క. లావు పైపు కొసకి మూత, ఆ మూతకి కాల్చిన మేకుతో చిల్లు. వాషర్లు తొడిగిన సన్న పైపుని లోపలికి దూర్చి వెనక్కి లాగితే నీళ్లు పీలుస్తుంది, ముందుకి తోస్తే చిమ్ముతుంది.

చేతులు మర్చిపోలేదు. కోశాడు, గరుకు తీశాడు, పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా మూత తిప్పాడు. ఆ ఘాటు వాసనకి వయసు సగం దిగిపోయింది. చివరి మూతకి రాశాడు, పిడికి రాశాడు, సన్న పైపు కొస చుట్టూ కూడా నిండుగా రాసి, లోపలికి తోసి, అలవాటుగా కొంచెం మెలితిప్పి, కదలకుండా అదిమిపట్టాడు.

"ఒక్క చుక్క లీకైతే నన్నడుగు," అంటూ మనవరాలి చేతికిచ్చాడు.

ఆ పిల్ల లాగింది. గోడకి కాలు తన్నిపెట్టి మరీ లాగింది. "తాతయ్యా, ఇది రావట్లేదేంటి?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. పైపులో పైపు దూరితే అతికించడమే తప్ప వదిలెయ్యడం ఎరగని చేతులవి. కదలాల్సినదాన్ని కూడా అతికించేశాయి.

గుమ్మంలోంచి భార్య అంది: "మాటంటే మాటేనండీ మీది. ఒక్క చుక్క కూడా రావట్లేదు."

"నువ్వు లోపలికి పోవే!"

మనవరాలు నవ్వలేదు. తాత మొహం చూసి జాలిపడి, "పోనీ, ఆ బండి అన్నయ్యని పిలుద్దామా తాతయ్యా?" అంది.

కాల్చిన మేకు ఈసారి ఎక్కడ దిగిందో ఆయనకే తెలుసు.

అతుక్కున్నది ఇక ఊడదు, మధ్యాహ్నం దించిన కొట్టు షట్టరు సాయంత్రందాకా తియ్యరు. అటక మీంచి దించిన పనిసంచిలో మిగతావన్నీ ఉన్నాయి, లావు పైపు తప్ప. ఇల్లంతా కలియచూసిన కళ్లు సింకు కింద ఆగాయి. కుర్ర మేస్త్రి బిగించిన పైపు, తెల్లగా, కొత్తగా, నిటారుగా.

ఈసారి రంపం చప్పుడు వినడానికి భార్య ఇంట్లో లేదు, పక్కింటికి వెళ్లింది. మోకాళ్లు మూలుగుతున్నా వినిపించుకోకుండా సింకు కిందికి దూరాడు. పైపు తెచ్చి పని మొదలుపెడుతూ, సొల్యూషన్ డబ్బాని మనవరాలి ఒళ్లో పెట్టాడు. "అడిగినప్పుడే ఇయ్యి. అడిగినా ఓసారి ఎందుకని అడిగి ఇయ్యి." వాషర్లకి మాత్రం వాసలైను రాశాడు.

సాయంత్రం వీధిలో పిల్ల తుపాకీ మూతి బకెట్లో ముంచి, లాగి, తోసింది. ఎండలో ఓ నీళ్ల గాజుకడ్డీ లేచి, మేడమీది అబ్బాయి అరవబోయి తెరిచిన నోట్లోనే విరిగింది. చుక్కల మేస్త్రి ఎగిరి గంతేసేవాడే, మోకాళ్లు ఒప్పుకోలేదు.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి కేక. "ఏవండీ! నా కాళ్లమీద వరదండీ! సింకు కింద పైపేదీ?"

"యుద్ధానికెళ్లింది."

ఆవిడ తడికాళ్లతో బయటికొచ్చింది. ఆయన అమాయకంగా చూశాడు. "ఆ బండి కుర్రాణ్ణి పిలవనా?"

"పిలిచారంటే ఊరుకోను. మనవరాలి కోసం వంగిన మోకాళ్లు నాకోసం వంగవా? దూరండి కిందకి!"

ఇంత తియ్యటి తిట్టు ఆయన ఈమధ్య తినలేదు.

తర్వాతెప్పుడో ఇదంతా కథగా రాసుకోవడానికి నేను వాళ్లింటికి వెళ్తే, పనిసంచి గుమ్మం పక్కనే ఉంది. తుపాకీ వరండాలో మేకుకి వేలాడుతోంది. దాని మూతి చివర ఓ చుక్క పెద్దదవుతూ, వెలుతురుని నింపుకుంటూ, ఊగుతోంది. "మేస్త్రిగారూ, లీకవుతోంది," అంటే ఆయన కుర్చీలోంచి లేవలేదు.

"కారనివ్వండి. అది నేను కారమన్న చుక్కే."