కట్టకు యాభై ఆకులు

మాది తల్లాడ. ఎనభైల చివర్లో, ఇంటర్ అవగానే, భద్రాచలం అడవి అంచు పల్లెలో ఆడవాళ్లకు చదువు చెప్పే పనిలో చేరాను. పెద్ద సంఖ్యలను అక్షరాల్లో రాయడం వాళ్లకు ఒక పట్టాన ఎక్కేది కాదు. అందుకని వాళ్లు రోజూ అడవిలో కోసి బీడీలకు అమ్మే తునికాకులే తెచ్చి పాఠం చెప్పాను. విడి ఆకు ఒకటి, పది ఆకుల కట్ట పది, పది కట్టల మోపు వంద.

తనిఖీకి ఆఫీసరుగారు వచ్చిన రోజు బల్ల మీద రెండు మోపులు, నాలుగు కట్టలు, ఐదు ఆకులు పెట్టాను. కట్టలు లావుగా కనిపించినా కంగారులో పట్టించుకోలేదు. మొత్తం ఎన్ని ఆకులో అక్షరాల్లో రాయమని సోమమ్మను పిలిచాను. రెండు వందల నలభై ఐదు అని రాయాలి. ఆమె తడుముకోకుండా 'వెయ్యి రెండు వందల ఐదు' అని రాసింది. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"లెక్క తప్పింది కదమ్మా," అన్నారు ఆఫీసరుగారు.

"తప్పలే సారూ. ఇరవై నాలుగు కట్టలు, కట్టకు యాభై ఆకులు. టీచరమ్మ తెల్వక పది పదే కట్టింది. గట్ల కడితే ఆకు కొనే కల్లంల ఎవరు తీసుకుంటరు? మీరొస్తున్నరని పొద్దుగాల మేమే అన్నీ ఇప్పి సరిజేసినం."

ఆయన ఒక కట్ట విప్పి లెక్కపెట్టారు. సరిగ్గా యాభై.

"ఈమె పాసయింది," అని నా వైపు చూశారు. "మీ సంగతే చూడాలి."

ఉద్యోగమైతే నిలిచింది. అప్పటినుంచి ఏ ఊళ్లో పాఠం చెప్పినా, మీ దగ్గర కట్టకు ఎన్ని అని అడిగాకే మొదలుపెడుతున్నాను.