గడియారం వీధి, పదకొండో నంబరు

ఊళ్లో వీధుల బోర్డులన్నీ ఆయన చేతి రాతే. నీలం మీద తెల్లటి అక్షరాలు. అందరికీ ఆయన బోర్డు మావయ్య. తమ వీధి మొదట్లో ఒకప్పుడు పెద్ద గడియారం ఉండేదట. అదెప్పుడో పోయింది, పేరు మిగిలింది. ఆ బోర్డు రాసిన రోజే ఐదేళ్ల కూతుర్ని భుజాలకెత్తుకుని చదివించాడు. "తప్పిపోతే ఏం చెప్పాలమ్మా?" అంటే, "గడియారం వీధి, పదకొండో నంబరు" అని గడగడా అప్పజెప్పేది.

ఏ వేళ అన్నాడో గానీ ఆ మాట, రైల్వే స్టేషన్ రద్దీలో పిల్ల నిజంగానే తప్పిపోయింది. పంతొమ్మిదేళ్లయింది. వాన పడితే ఇల్లంతా కారుతుంది. అయినా మొగుడూ పెళ్లాలు ఆ ఇల్లు మారలేదు. పిల్లకు తెలిసింది ఆ ఒక్క చిరునామాయే కదా.

ఇల్లు మారకపోతేనేం, వీధే మారిపోయింది. మునిసిపాలిటీ దానికి ఎవరో పెద్దాయన పేరు పెట్టింది. ఆ మహానుభావుడు ఇక్కడ ఏనాడైనా కాలుపెట్టాడా అంటే, అదొక్కటీ అడక్కండి. బోర్డు మావయ్య ఆఫీసుకెళ్లి కాళ్లావేళ్లా పడ్డాడు.

"పాత పేరు కింద చిన్నగా ఉండనివ్వండి బాబూ. మా అమ్మాయికి అదే తెలుసు."

"ఇన్నేళ్లయింది కదయ్యా," అన్నాడు గుమాస్తా. "రూలు ఒప్పుకోదు."

ఇంకొకడైతే శుభ్రంగా గీకి పారేస్తాడని తనే నిచ్చెనెక్కాడు. పాత రంగు గీకకుండా, పైన పల్చగా ఒక్క పూత వేసి కొత్త పేరు రాశాడు. తన పనిలో ఎన్నడూ చేయని తప్పు, కావాలనే చేశాడు. ఎండ పడితే పెద్దాయన పేరు వెనక గడియారం వీధి లీలగా కనిపించేది. వారం తిరక్కుండా ఇన్‌స్పెక్టర్ కనిపెట్టి, దగ్గర నిలబడి మరీ గీకించాడు. తెల్లటి పెచ్చులు చొక్కా నిండా రాలాయి.

భార్య ఆ చొక్కా ఉతకలేదు. "అది వచ్చి అడిగితే ఎవరు చెబుతారయ్యా?" అంది.

"నేను చెబుతాను."

మర్నాటి నుంచి బోర్డు కింద స్టూలు వేసుకుని కూర్చుంటున్నాడు. పాతికేళ్ల ఆడపిల్ల ఎవరు అటు వచ్చినా లేచి నిలబడి, "గడియారం వీధి ఇదేనమ్మా" అంటాడు. వాళ్లు పైన బోర్డు చూస్తారు, ఆయన్ని చూస్తారు, పాపం మతి చెడిందనుకుని పక్కనుంచి వెళ్లిపోతారు. మలుపు తిరిగేదాకా ఒక్కొక్కరినీ చూస్తూనే ఉంటాడు. ఇప్పుడు మొహం చూసి గుర్తుపట్టలేడు. ఆ పేరు విన్నాకైనా ఆగుతుందేమోనని. ఇంతవరకూ ఎవరూ ఆగలేదు.