రెఫరీలు రాని ఆదివారం

మొన్న, ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్న జర్మన్ ఊరు ఎర్లాంగెన్‌లో సైకిల్ మీద వస్తుంటే పక్క మైదానం నుంచి తడిగడ్డి వాసన వచ్చింది. వెంటనే పొడుగ్గా ఒక విజిల్ వినిపించింది. సైకిల్ దిగి నిలబడిపోయాను. అన్నపూర్ణగారు గుర్తొచ్చారు. ఆవిడ గుర్తొస్తే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అన్నపూర్ణగారు తెనాలి నుంచి చిన్నవయసులోనే జర్మనీ వచ్చి స్థిరపడిన డాక్టరు. నేను మాస్టర్స్ చదివిన ఊళ్లోనే ఉండేవారు. వాళ్లబ్బాయి కాలేజీలో లక్రాస్ ఆడేవాడట. కర్ర చివర వలసంచిలో బంతిని పట్టి విసిరే ఆట అది. అబ్బాయి చదువు ముగించి వెళ్లిపోయినా ఆవిడ ఆ ఆటను వదల్లేదు. రిటైరయ్యాక మూడు కాలేజీలతో లీగ్ మొదలుపెట్టి మూడేళ్లలో ఐదింటికి పెంచారు. క్రికెట్ తప్ప మరో ఆట ముఖం చూడని నన్ను, "గదిలో కూర్చుని ఏం చేస్తావయ్యా, ఈ కర్ర పట్టుకో" అని జట్టులో చేర్చింది ఆవిడే. వచ్చిన కొత్తలో నాతో మాట్లాడే మనిషి లేడు. ఆ కర్ర పట్టుకున్నాకే నలుగురూ నన్ను పేరు పెట్టి పిలిచారు.

ఆ లీగ్‌కు బయటి రెఫరీలు ఉండరు. ఆ వారం ఆట లేని కాలేజీయే ఇద్దరిని రెఫరీలుగా పంపాలి. వాళ్లు రాకపోతే మ్యాచ్ లేదు. ఒక ఆదివారం ఆ వంతు మాది, వెళ్లాల్సింది నేనూ నా రూమ్మేటూ. అదే రోజు మన తెలుగువాళ్ల క్రికెట్ ఫైనల్ పడింది. మేమిద్దరం అటు పోయాం. మన గల్లీ క్రికెట్‌లో బ్యాటింగ్ చేసేవాళ్లే అంపైరింగ్ కూడా చేసుకుంటారు కదా, వీళ్లూ అలాగే సర్దుకుంటారులే అనుకున్నాను. కనీసం ఒక మెసేజ్ కూడా పెట్టలేదు. రెండు జట్లూ మూడు గంటలు రైల్లో మా ఊరి మైదానానికి వచ్చి, వానలో అరగంట చూసి, మళ్లీ రైలెక్కి వెళ్లిపోయాయి.

తర్వాతి వారం మీటింగ్‌లో కెప్టెన్లు రెఫరీలు ఎందుకు రాలేదని అడిగారు. అన్నపూర్ణగారు గదంతా ఒకసారి చూశారు. నేను తేలుకుట్టిన దొంగలా బూట్లు చూసుకుంటూ కూర్చున్నాను. చివరికి ఆవిడే, తేదీ తప్పు చెప్పింది తానేనని జర్మన్‌లో అన్నారు. ఈ వయసులో తేదీలు గుర్తుండకపోతే బాధ్యత ఇంకెవరికైనా ఇవ్వడం మంచిదని ఒక కెప్టెన్ మర్యాదగానే సలహా ఇచ్చాడు. ముప్పై ఏళ్లు రోగుల్ని చూసిన మనిషి ఆ మాట తల వంచుకుని విన్నారు. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. ఆ నెలలోనే రెండు కాలేజీలు తప్పుకున్నాయి. మిగతా మూడూ ఉత్సాహం పోయి సీజన్‌ను మధ్యలోనే ఆపేశాయి. మరుసటేడు లీగే లేదు.

ఉద్యోగం వచ్చి ఊరు వదిలే ముందు ఆవిడ ఇంటికి వెళ్లి నిజం ఒప్పుకున్నాను. ఆవిడకు ఆశ్చర్యమేమీ కలగలేదు. అల్లం టీ వంచుతూ, "తెలుసయ్యా. ఆరోజు తప్పు నా మీద వేసుకునే ముందు కాసేపు ఆగాను. నువ్వు లేస్తావేమోనని చూశాను" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆవిడ పోయి రెండేళ్లవుతోంది. ఇప్పుడు ఆఫీసులో ఎక్కడైనా తేడా వచ్చి, ఎవరి పొరపాటని అడిగితే, నాదైతే వెంటనే లేచి చెప్పేస్తాను. ఇంత నిజాయితీ అరుదని మా బాస్ నలుగురి ముందూ మెచ్చుకుంటాడు. ఆవిడ నా కోసం ఆగిన ఆ కాసేపట్లో ఒక్కసారి లేచి ఉంటే సరిపోయేది.