గట్టు మీద మనిషి

నాన్న పోయిన పన్నెండో రోజున చేను చూడటానికి వెళ్లాను. గట్టు పక్కన మట్టి మీద ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు పక్కనున్న రొయ్యల చెరువు ఉప్పునీళ్లు ఎవరో మా వరిలోకి వదిలారు. ఆ తెల్లవారుజామున మంచులో, గట్టు మీద ఒక మనిషి కనిపించాడు. చెరువు కాపలా ఉండే మస్తానన్న కట్టేలాంటి పచ్చ తువ్వాలే తలకు కట్టుకుని ఉన్నాడు.

"మస్తానన్న మాదిరి ఉండినాడు నాయనా," అన్నాను.

సాయంత్రం పెద్దమనుషుల ముందు నాన్న, "మా పాప కళ్లారా చూసింది. తూము తీసింది మస్తానే," అన్నాడు.

"పసిబిడ్డ అబద్ధం చెబుతాదా?" అన్నారెవరో.

మస్తానన్న వచ్చి నా ముందు గొంతుకూర్చున్నాడు.

"నా మొహం చూసినావా తల్లీ?"

చూడలేదు. కానీ నాన్న అబద్ధమాడడు. నేను చూశానని ఆయన అన్నాడంటే చూసే ఉంటాననుకున్నాను. తల ఊపాను.

ఆ వారమే అతన్ని పనిలోంచి తీసేశారు. భార్యాబిడ్డలతో కావలి వైపు వెళ్లిపోయాడు.

నాన్న అబద్ధమాడలేదు, తాను నమ్మిందే చెప్పాడు. ఇన్నేళ్లూ అలా సర్దిచెప్పుకున్నాను. కానీ మస్తానన్న అడిగింది నాన్నను కాదు, నన్ను.