నేను పుట్టించిన పథ్యం

ఇరవై ఏళ్లపాటు ఒక అబద్ధం చేపముల్లులా గొంతులో గుచ్చుకుంది. ఇంటి బయట ఎవరితో చెప్పను? మా పేటలో ఒకరి చెవిన వేస్తే సాయంత్రానికి భీమిలి బస్సెక్కి ఊరంతా తిరిగొస్తుంది. మీరెవరో నాకు తెలియదు, అదే ధైర్యం.

ఆ ఏడు తుఫానుకు మా పడవ ముక్కలైంది. వలలు ఇసుకలో కూరుకుపోయాయి. పంచిపెట్టిన బియ్యం గంజికే సరిపోయేవి. కోడలికి అప్పుడు ఆరో నెల. అంగన్‌వాడీ వాళ్లు ఆమెకు గుడ్లు ఇచ్చేవారు. ఇంట్లో గంజి కాకుండా ఉన్న తిండి అదొక్కటే. ఒకరోజు గుడ్డు ఉడుకుతుంటే నా నోరు ఊరుకోలేదు.

"గుడ్డు తినీకే. కడుపులో బిడ్డకి నాలిక మందమైపోద్ది. మాటలు రావు."

"నిజమేటత్తా?"

"మా అమ్మమ్మ సెప్పీది. నాకెందుకే అబద్దం?"

పాపం, మా అమ్మమ్మ అలాంటి మాట ఏనాడూ అనలేదు. ఆ గుడ్లు కొడుక్కి పెట్టానంటే కాస్త గౌరవంగా ఉండేది. కాదు. తలుపు చాటున నేనే తిన్నాను, ఉప్పు అద్దుకుని మరీ. ఆకలి రుచెరుగదంటారు గానీ, ఆ రుచి నాకు ఇప్పటికీ గుర్తే. కోడలు గంజి తాగి, కళ్లు తిరిగి కూలబడేది. నేనే పట్టుకుని నీళ్లు తాగించేదాన్ని. అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? సిగ్గా, ఆకలా? రెండూ అనుకుంటాను. ఆడపిల్ల పుట్టింది, పిట్టంత. బతుకుతుందో లేదోనని అందరికంటే నేనే ఎక్కువ ఏడ్చాను. ఎంత మంచి అత్తో అన్నారు.

పిల్ల బతికింది. పైగా ఏడాది నిండకుండానే వాగుడు మొదలెట్టి నేటికీ ఆపలేదు. ఇంకేం, తల్లి గుడ్డు మానినందుకేనని పేటలో ఆడవాళ్లంతా నా పథ్యం పట్టుకున్నారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, నాది మరీ అతుక్కుపోయింది. అది పెద్దలనాటి ఆచారమని ఇప్పుడు నాకే చెబుతున్నారు!

ఆ మనవరాలికి ఇప్పుడు ఐదో నెల. ఒంట్లో రక్తం లేదని నర్సమ్మ గట్టిగా చెప్పింది. నిన్న అది గుడ్డు తినబోతుంటే, కోడలు నా మాటే చెప్పి చేతిలోంచి లాక్కుంది. ఇక నా వల్ల కాలేదు. ఇద్దరి ముందూ చెప్పేశాను. ఆ మాట కల్పించింది నేను, ఆ గుడ్లు తిన్నది నేను.

కోడలు లాక్కున్న గుడ్డు తిరిగి కూతురి చేతిలో పెట్టింది. ఒక్కటైనా నాకు ఉంచాలనిపించలేదా అని మాత్రం అడిగింది. లేదన్నాను. అది నిజం. అప్పటినుంచి ఆమె నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని అడిగే ముఖం నాకెక్కడిది? అయినా గుండె తేలికపడింది, దాచడమెందుకు. మనవరాలు మాత్రం నోటినిండా గుడ్డు పెట్టుకుని నన్ను తిడుతూనే ఉంది. తిట్టనీ. తింటోంది కదా.